నర్సు పెట్టిన లెక్క, నర్సు చెప్పిన పాఠం

రోగికి మందు రాసేది డాక్టరు. ఆ మందు వేళకు పడుతోందా, పుండు ఆరుతోందా, జ్వరం మళ్లీ తిరగబెట్టిందా అని రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండేది నర్సు. ఇంటికి పంపేటప్పుడు ఏం తినాలో, ఏం మానాలో, ఎలాంటి లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో విడమరచి చెప్పేదీ ఆమే. రోగికి ఇంత దగ్గరగా ఉండటం వల్ల నర్సింగ్ వృత్తికి సేవతో పాటు మరో రెండు పనులు మొదటినుంచీ వచ్చి చేరాయి. మొదటిది లెక్క. ఎంతమంది వచ్చారు, ఎంతమంది కోలుకున్నారు, ఎంతమంది ఏ కారణంతో చనిపోయారు అని రాసిపెట్టి, ఆ రాతను బట్టి పనితీరు మార్చుకోవడం. రెండోది పాఠం. రోగికీ ఇంట్లోవాళ్లకూ తమ ఆరోగ్యాన్ని తాము కాపాడుకునే పద్ధతి నేర్పడం. ఇప్పటి ఆసుపత్రులు నాణ్యత మెరుగుదల అనీ, రోగులకు అవగాహన అనీ పిలుస్తున్న పనులు ఇవే. వీటి చరిత్ర సుమారు 170 ఏళ్లది. నర్సు లెక్కను చదివి, ఆమె మాటకు విలువిచ్చిన చోట ప్రాణాలు నిలిచాయని ఆ చరిత్ర పదేపదే చెబుతుంది.

స్కుటారీ నుంచి మొదలైన లెక్క

1853లో రష్యాకూ టర్కీకీ మధ్య మొదలైన క్రిమియా యుద్ధంలోకి మరుసటి ఏడు బ్రిటన్, ఫ్రాన్సు దిగాయి. గాయపడిన, జబ్బుపడిన బ్రిటిష్ సైనికులను నల్లసముద్రం దాటించి, ఇస్తాంబుల్ ఎదుటి ఒడ్డున స్కుటారీలో ఉన్న పెద్ద సైనిక బ్యారక్‌కు తెచ్చేవారు. దాన్నే ఆసుపత్రిగా మార్చారు. 1854 నవంబరు మొదట్లో ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో అక్కడ అడుగుపెట్టింది. అప్పటికి ఆమె వయసు 34.

ఆమె వచ్చీ రాగానే వంటశాల, చాకిరేవు ఏర్పాటు చేయించింది. శుభ్రమైన దుప్పట్లు, చొక్కాలు తెప్పించింది. అయినా ఆ చలికాలమంతా చావులు పెరుగుతూనే పోయాయి. 1855 ఫిబ్రవరిలో అక్కడ చేరినవారిలో నూటికి 42 మంది దాకా ప్రాణాలు వదిలారు. బ్యారక్ కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. వాటి దుర్వాసన వార్డుల్లోకి ఎగదన్నేది. తాగే నీరూ కలుషితమే. మార్చిలో లండన్ నుంచి వచ్చిన శానిటరీ కమిషన్ ఆ కాలువలను కడిగించి, చచ్చిన జంతువులను తీయించి, గాలి ఆడేలా గోడలకూ కప్పులకూ మార్పులు చేయించింది. జూన్ నాటికి మరణాలు నూటికి 2కు దిగాయి.

ఈ మార్పు అసలు అర్థం నైటింగేల్‌కు యుద్ధం ముగిసి ఇంటికి వచ్చాకే పూర్తిగా తెలిసింది. ప్రభుత్వ గణాంకవేత్త విలియం ఫార్‌తో కలిసి ఆమె సైనిక ఆసుపత్రుల చిట్టాలన్నీ తిరగేసింది. తూటాలకు, కత్తులకు బలైనవారి కంటే విరేచనాలు, కలరా, టైఫస్ వంటి రోగాలకు బలైనవారు ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. ఆ రోగాల్లో చాలావరకు ఆపదగినవే. ఈ సంగతిని పార్లమెంటు సభ్యులకూ రాణికీ చూడగానే అర్థమయ్యేలా చెప్పడానికి ఆమె 1858లో ఒక రంగుల పటం గీయించింది. ఒక చక్రం, అందులో 12 నెలలకు 12 ముక్కలు. నివారించదగిన రోగాల మరణాలకు నీలం, గాయాల మరణాలకు ఎరుపు, మిగతావాటికి నలుపు. నీలం రంగు చక్రాన్ని దాటుకుని బయటికి పరుచుకుంటే, ఎరుపు మధ్యలో సన్నగా మిగిలిపోయింది. లండన్ గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి మహిళ ఆమే.

ఆమె అక్కడితో ఆగలేదు. ఒకే జబ్బుకు ఆసుపత్రికో పేరు, చిట్టాకో పద్ధతి ఉంటే ఏ ఆసుపత్రి బాగా పనిచేస్తోందో పోల్చడం కుదరదని గుర్తించింది. అన్ని ఆసుపత్రులూ ఒకే రకం ఫారాలు నింపాలన్న ఆమె ప్రతిపాదన 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందుకు వచ్చింది. అదే ఏడు సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరుతో నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది.

ఆ లెక్కల పద్ధతి భారతదేశానికీ వచ్చింది. ఇక్కడి బ్రిటిష్ సైనికుల ఆరోగ్యంపై 1859లో వేసిన రాయల్ కమిషన్ కోసం నైటింగేల్ ప్రశ్నావళి తయారుచేసి ప్రతి కంటోన్మెంటుకూ పంపించింది. తాగునీరు ఎక్కడి నుంచి వస్తుంది, మురుగు ఎటు పోతుంది, ఒక్కో గదిలో ఎంతమంది పడుకుంటారు వంటి ప్రశ్నలు అందులో ఉన్నాయి. 1863లో వచ్చిన నివేదిక ప్రకారం ఇక్కడి బ్రిటిష్ సైన్యంలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారు. నీటి, మురుగు ఏర్పాట్లు మార్చిన పదేళ్లకు అది 18కి తగ్గింది. ఆమె భారతదేశం గడప తొక్కకుండానే, కాగితాల మీది అంకెలతో ఈ పని చేయించింది. సైనికుల గురించి మొదలుపెట్టిన ఆలోచన క్రమంగా గ్రామాల రైతుల దాకా సాగింది. పల్లెల్లో పారిశుధ్యం, సాగునీరు గురించి ఆమె జీవితాంతం రాస్తూనే ఉంది.

వార్డు నుంచి ఇంటి గడప దాకా

లెక్క ఆసుపత్రిలో పుడితే, పాఠం ఇళ్లలో పుట్టింది. 1859లో నైటింగేల్ రాసిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ నర్సుల పాఠ్యపుస్తకం కాదు. ఇంట్లో జబ్బుపడినవారిని చూసుకునే మామూలు ఆడవాళ్ల కోసం రాసినది. కిటికీలు తెరవడం, గది ఊడ్చే తీరు, రోగి దగ్గర నిశ్శబ్దం, పథ్యం, రోగి ముఖం చూసి మార్పు పసిగట్టడం వంటివి అందులోని విషయాలు. రెండేళ్ల తర్వాత కూలీ కుటుంబాల కోసం తక్కువ ధరలో మరో ముద్రణ వచ్చింది. అమ్మానాన్నలు పనికి పోతే చంటిపిల్లలను ఎత్తుకుని తిరిగే పెద్దపిల్లలకు చెప్పే మాటలుగా అందులో ఒక అధ్యాయం చేర్చారు.

అదే 1859లో లివర్‌పూల్ వ్యాపారి విలియం రాత్‌బోన్ భార్య చనిపోయింది. ఆమెకు చివరి రోజుల్లో మేరీ రాబిన్సన్ అనే నర్సు ఇంట్లోనే ఉండి సేవ చేసింది. డబ్బున్న తన ఇంట్లోనే నర్సు రాక ఇంత ఊరటనిస్తే, పేదల ఇళ్లలో ఎంత మేలు జరుగుతుందోనని రాత్‌బోన్ ఆలోచించాడు. రాబిన్సన్‌ను మూడు నెలల పాటు పేదల వాడలకు పంపే ఏర్పాటు చేశాడు. నెల తిరక్కుండానే ఆమె కన్నీళ్లతో వచ్చి, ఆ దుస్థితి చూడలేనంది. అతను నచ్చజెప్పాడు. గడువు ముగిసేసరికి ఆమే ఆ పని వదలనని పట్టుబట్టింది. జిల్లా నర్సింగ్ అనే వ్యవస్థకు ఇది తొలి మెట్టు. చాలినంత మంది నర్సులు దొరకక, నైటింగేల్ సలహాతో 1862లో లివర్‌పూల్‌లో శిక్షణ పాఠశాల పెట్టారు. నర్సు పేదల ఇంటికి వెళ్లి గాయం కట్టడంతో సరిపెట్టుకోకుండా, గది శుభ్రం చేయడం, గంజి కాచడం, పసిబిడ్డకు స్నానం చేయించడం ఇంటివాళ్లకు చేసి చూపించేది.

1890ల ఆరంభంలో బకింగ్‌హామ్‌షైర్ కౌంటీలో పల్లెటూళ్ల ఇళ్లకు వెళ్లి ఆరోగ్య పాఠాలు చెప్పే మహిళలకు నైటింగేల్ ప్రోత్సాహంతో శిక్షణ ఇచ్చారు. ఇంటి తల్లిని స్నేహితురాలిగా చేసుకుని చెప్పాలనీ, పెత్తనం చేస్తే మాట చెవికెక్కదనీ ఆ శిక్షణలో గట్టిగా నొక్కి చెప్పేవారు. తర్వాత హెల్త్ విజిటర్ అన్న పేరుతో స్థిరపడిన ఉద్యోగానికి బీజం ఇలా పడింది.

న్యూయార్క్ బడిలో ఒక నెల

నర్సు చెప్పే పాఠానికి ఫలితం ఎంత ఉంటుందో అంకెల్లో స్పష్టంగా తేలింది న్యూయార్క్‌లో. 1893లో లిలియన్ వాల్డ్ అనే నర్సు ఆ నగరంలోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో పేద వలస కుటుంబాల మధ్య కాపురం పెట్టి, ఇంటింటికీ తిరిగి వైద్యసేవ చేసే కేంద్రాన్ని నెలకొల్పింది. అదే తర్వాత హెన్రీ స్ట్రీట్ సెటిల్మెంట్ అయింది. ప్రజారోగ్య నర్సు అన్న మాటను వాడుకలోకి తెచ్చింది ఆమే.

ఆ రోజుల్లో బడులకు డాక్టర్లు వచ్చి పిల్లలను వరసగా చూసేవారు. కళ్లకలక వంటి ట్రకోమా, గజ్జి, తామర, తల పేలు కనబడితే ఒక చీటీ చేతికిచ్చి ఇంటికి పంపేసేవారు. తూర్పు ఐరోపా నుంచీ ఇటలీ నుంచీ వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామందికి ఆ చీటీలో ఇంగ్లీషులో ఏం రాశారో తెలిసేది కాదు. తెలిసినా వైద్యానికి డబ్బుండేది కాదు. పిల్లవాడు వారాలూ నెలలూ బడికి దూరమయ్యేవాడు. సాయంత్రం కాగానే బడి నుంచి వచ్చిన స్నేహితులతోనే వీధిలో ఆడుకునేవాడు కాబట్టి, అంటు ఆగేదీ కాదు. నెత్తిన పుండ్ల వల్ల 12 ఏళ్లు వచ్చినా ఒక్కరోజూ బడిలో కూర్చోని అబ్బాయి వాల్డ్‌కు తారసపడ్డాడు. ఆమె పూసిన మందుతో పుండ్లు మానాయి, వాడు బడికి వెళ్లాడు.

1902 అక్టోబరులో వాల్డ్ తన దగ్గరి నర్సు లీనా రోజర్స్‌ను ఒక నెల ప్రయోగంగా 4 బడులకు పంపింది. రోజర్స్ పద్ధతి చాలా సాదా. చిన్న గాయాలకు, చర్మరోగాలకు బడిలోనే మందు రాసి, పిల్లవాణ్ని వెంటనే తరగతికి పంపేది. తీవ్రమైన వాటికి సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి, చీటీలో ఉన్నదేమిటో తల్లికి చెప్పి, పేలు ఎలా తీయాలో, కళ్లు ఎలా కడగాలో, తువ్వాళ్లు ఎందుకు వేరుగా ఉంచాలో చేసి చూపించేది. నెల ప్రయోగం చూసిన నగర ఆరోగ్య శాఖ మరికొందరు నర్సులను నియమించింది. 1902 సెప్టెంబరులో జబ్బుల పేరుతో బడి నుంచి పంపేసిన పిల్లలు 10,567 మంది. ఏడాది తిరిగి 1903 సెప్టెంబరు వచ్చేసరికి ఆ సంఖ్య 1,101.

నాణ్యత మెరుగుదల పథకానికి కావలసిన అంగాలన్నీ ఈ ఒక్క ప్రయోగంలో ఉన్నాయి. సమస్య ఏమిటో అంకెతో తెలుసు. కారణం వెతికారు. చిన్న చోట, కొద్దికాలం, ఒక మార్పు చేసి చూశారు. ఫలితాన్ని మళ్లీ కొలిచారు. పనిచేసిందని తేలాక విస్తరించారు. ఈ క్రమానికి సిద్ధాంతంగా పేరు పెట్టడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో, తెలుగునేలపై

కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మద్రాసులో 1854లో మంత్రసానులకు శిక్షణ పాఠశాల మొదలైంది. 1871లో అక్కడి జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ ఆరంభమైంది. తెలుగునాట ఈ వృత్తికి తొలి ఆసరా మిషన్ ఆసుపత్రులు. గుంటూరుకు 1883లో వచ్చిన అమెరికన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి కట్టించారు. పరాయి మగవాడైన డాక్టరు చేయి పట్టనివ్వని ఇళ్లలోకి లేడీ డాక్టరు, ఆమె వెంట నర్సు వెళ్లగలిగారు. కాన్పు గదిలోకి వేడినీళ్లు, సబ్బు, కాచిన కత్తెర తెచ్చినది ఇలాంటి స్త్రీలే.

1908లో దేశ నర్సుల సంఘం ఏర్పడింది. 1918లో ఢిల్లీలో లేడీ రీడింగ్ హెల్త్ స్కూలు హెల్త్ విజిటర్ల శిక్షణ మొదలుపెట్టింది. 1926లో మద్రాసు ప్రెసిడెన్సీ నర్సుల, మంత్రసానుల నమోదుకు చట్టం చేసింది. అయినా సంఖ్య చాలా తక్కువ. దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశమంతటా ఉన్న నర్సులు సుమారు 7,000. అంటే 43,000 మంది జనాభాకు ఒక్క నర్సు. హెల్త్ విజిటర్లయితే 750 మందే. వైద్యంలో నివారణకు, ఆరోగ్య బోధనకు పెద్దపీట వేయాలని కోరిన ఆ కమిటీ, ఆ పని చేయవలసినవారే దేశంలో లేరని లెక్కతో చూపించింది. అదే ఏడాది ఢిల్లీలోనూ వెల్లూరులోనూ నర్సింగ్‌లో డిగ్రీ చదువు మొదలైంది. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది.

క్షయ: శానటోరియం నుంచి ఇంటికి

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో ఈ పని బలం ఏమిటో క్షయవ్యాధి దగ్గర తేలింది. అప్పటిదాకా క్షయకు వైద్యమంటే శానటోరియం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్ సంస్థలు కలిసి నెలకొల్పిన శానటోరియం దక్షిణాదిలో పేరున్నది. మంచి గాలి, పూర్తి విశ్రాంతి, పుష్టికరమైన తిండి అక్కడి చికిత్సకు ఆధారాలు. కానీ లక్షల మంది రోగులున్న దేశంలో మంచాలు అవసరానికి ఏమాత్రం చాలేవి కావు. ఉన్నవాటిలో చోటు దొరికినా, ఇల్లు గడవాల్సిన మనిషి ఏడాది పాటు అక్కడ పడుకుంటే కుటుంబం వీధిన పడుతుంది.

అప్పటికి స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్, పాస్ వంటి మందులు వచ్చాయి. వాటిని ఇంట్లోనే వాడితే సరిపోతుందా అన్న ప్రశ్నకు జవాబు కోసం 1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ కేంద్రం ఏర్పాటైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి నడిపిన కేంద్రమిది. నగరంలోని 193 మంది పేద రోగులను చీటీ వేసినట్టు రెండు భాగాలు చేశారు. సగం మందికి శానటోరియంలో, సగం మందికి ఇరుకు ఇళ్లలో, అరకొర తిండితో ఉన్న చోటే ఏడాది పాటు ఒకే రకంగా ఐసోనియాజిడ్, పాస్ ఇచ్చారు.

ఇంటి వైద్యం నిలిచేదీ కూలేదీ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది. మాత్రలు రోజూ పడాలి. పాస్ మందు చేదు, కడుపులో తిప్పేది. రెండు నెలలకు దగ్గు తగ్గి, ఒళ్లు చేశాక ఇంకా ఎందుకు మింగాలని రోగికి అనిపించడం సహజం. ఆ మలుపులో రోగిని నిలబెట్టింది హెల్త్ విజిటర్లు, పబ్లిక్ హెల్త్ నర్సులు. వాళ్లు ఇళ్లకు వెళ్లి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు. ముందు చెప్పకుండా వెళ్లి మూత్రం పరీక్షకు తీసుకునేవారు. అందులో మందు ఆనవాలు కనబడకపోతే, తిట్టకుండా కారణం అడిగేవారు. కళ్లెను ఎక్కడ పారేయాలో, దగ్గేటప్పుడు నోటికి ఏం అడ్డం పెట్టుకోవాలో, బాగుపడ్డాక కూడా మందు ఎందుకు మానకూడదో రోగికీ ఇంటివారికీ నేర్పేవారు.

1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఏడాది తర్వాత శానటోరియంలో ఉన్నవారిలో 92 శాతం మందికి, ఇంట్లో ఉన్నవారిలో 86 శాతం మందికి కళ్లెలో క్రిములు లేకుండా వ్యాధి అణిగింది. ఇంట్లో ఉన్నవారి కుటుంబ సభ్యులకు వ్యాధి సోకే ముప్పు కూడా శానటోరియం రోగుల కుటుంబాలతో పోలిస్తే పెరగలేదు. ప్రపంచం మొత్తం క్షయ వైద్యాన్ని శానటోరియం నుంచి ఇంటికి తెచ్చిన అధ్యయనం ఇది. భారత ప్రభుత్వం 1962లో మొదలుపెట్టిన జాతీయ క్షయ నివారణ కార్యక్రమం దీని మీదే నిలబడింది. మాత్రల ఫలితం అందరికీ తెలుసు. ఆ మాత్రలను గొంతు దిగేలా చేసిన స్త్రీల శ్రమకు మాత్రం చరిత్రలో దక్కాల్సినంత చోటు ఇంకా దక్కలేదు.

పథకంగా మారిన పద్ధతి

1966లో అవెడిస్ డొనబెడియన్ అనే వైద్యుడు ఆసుపత్రి నాణ్యతను కొలవడానికి మూడు మెట్లు చెప్పాడు. ఏర్పాట్లు ఎలా ఉన్నాయి, పని ఎలా జరుగుతోంది, చివరికి రోగికి ఏమైంది. కర్మాగారాల్లో తప్పులు తగ్గించడానికి వాల్టర్ షూహార్ట్, ఎడ్వర్డ్స్ డెమింగ్ రూపొందించిన వలయం, అంటే యోచించు, చేసి చూడు, పరిశీలించు, స్థిరపరచు అన్న క్రమం, 1980ల తర్వాత ఆసుపత్రుల్లోకి వచ్చింది. దాన్ని రోజూ నడిపే బాధ్యత ఎక్కువగా నర్సుల మీదే పడింది.

పాఠం చెప్పడంలో ఈ పద్ధతి ఏం సాధించిందో గుండె వైఫల్యం రోగుల విషయంలో బాగా కనిపిస్తుంది. ఇలాంటి రోగి ఆసుపత్రిలో కోలుకుని ఇంటికి వెళ్తాడు. ఉప్పు తగ్గించడు, మాత్ర మరుస్తాడు, కాళ్లు వాచినా పట్టించుకోడు. చివరికి ఆయాసంతో మళ్లీ వస్తాడు. 1995లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మైకేల్ రిచ్ బృందం 282 మంది వృద్ధులపై చేసిన అధ్యయనంలో ఒక భాగం వారికి అనుభవమున్న నర్సు పాఠం చెప్పింది. చిన్న పుస్తకం చేతికిచ్చి, పథ్యం వివరించి, రోజూ పొద్దున బరువు చూసుకుని రాసుకోమంది. బరువు అమాంతం పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టేనని గుర్తు చేసింది. ఇంటికి వెళ్లాక కూడా ఫోన్లు చేసి, ఇళ్లకు వెళ్లి కనుక్కున్నారు. మూడు నెలల్లో గుండె వైఫల్యంతో మళ్లీ ఆసుపత్రి పాలవడం ఆ భాగంలో 56 శాతం తగ్గింది. 1999లో మేరీ నేలర్ అనే నర్సు పరిశోధకురాలి బృందం 363 మంది వృద్ధులను చూసింది. ఆసుపత్రి నుంచి ఇంటి దాకా నర్సు వెంట ఉండి చూసుకున్నవారిలో 24 వారాల్లో మళ్లీ చేరినవారు 20.3 శాతం, మామూలు పద్ధతిలో పంపేసినవారిలో 37.1 శాతం.

లెక్క, అధికారం కలిస్తే ఏమవుతుందో మిషిగన్ రాష్ట్రంలోని ఐసీయూలు చూపించాయి. మెడ దగ్గరో ఛాతీ పైభాగంలోనో పెద్ద సిరలో వేసే గొట్టం ద్వారా రక్తంలోకి క్రిములు చేరడం అక్కడ ప్రాణాంతక సమస్య. 2004 నుంచి అమలు చేసిన పద్ధతిలో 5 అంశాలే ఉన్నాయి. చేతులు కడుక్కోవడం, గొట్టం వేసేటప్పుడు రోగి ఒళ్లంతా శుభ్రమైన గుడ్డ కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, వీలైనంతవరకు తొడ దగ్గర గొట్టం వేయకపోవడం, అవసరం తీరగానే గొట్టం తీసేయడం. సామానంతా ఒకే బండిలో సర్ది ఉంచారు, ఏదో వస్తువు అందలేదన్న సాకు లేకుండా. వీటిలో ఒక్కటి తప్పినా డాక్టరును అక్కడికక్కడే ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. రోగుల ఒంట్లో గొట్టం ఉన్న ప్రతి వెయ్యి రోజులకు 2.7 ఇన్ఫెక్షన్లుగా ఉన్న మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకు వచ్చింది. 2006లో అచ్చయిన ఈ ఫలితం ప్రపంచమంతటా ఐసీయూల పనితీరును మార్చింది.

భారతదేశంలో కాన్పు గదుల పాఠం

ఇలాంటి పద్ధతులన్నీ ఎక్కడబడితే అక్కడ ఒకే ఫలితం ఇవ్వవని ఉత్తరప్రదేశ్ చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన సురక్షిత కాన్పు చెక్‌లిస్టును 2014 నుంచి 2016 వరకు అక్కడ 120 ఆసుపత్రుల్లో, సుమారు 1,57,000 కాన్పుల్లో పరీక్షించారు. సగం ఆసుపత్రుల్లో నర్సులకు పక్కన నిలబడి నేర్పే శిక్షకులను పెట్టారు. రెండు నెలలకు ఆ చోట్ల నర్సులు చేయవలసిన పనుల్లో 73 శాతం చేశారు. మామూలు ఆసుపత్రుల్లో అది 42 శాతమే. అయినా తల్లీబిడ్డల మరణాల్లోనూ తీవ్ర సమస్యల్లోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. శిక్షకులు వెళ్లిపోయాక పాటించడమూ తగ్గింది. ప్రమాదంలో పడిన తల్లిని అందుకునే పెద్ద ఆసుపత్రి, రక్తం, సిజేరియన్ చేసే డాక్టరు, చాలినంత మంది నర్సులు లేనిచోట నర్సు ఒక్కతే జాగ్రత్తపడితే చాలదని ఈ అధ్యయనం నేర్పింది.

2017 చివర్లో కేంద్ర ప్రభుత్వం కాన్పు గదుల నాణ్యత కోసం లక్ష్య కార్యక్రమం తెచ్చింది. అంతకు ముందే ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు, నర్సులు ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి వార్డు స్థాయి మెరుగుదలకు 4 మెట్ల పద్ధతి రూపొందించారు. సమస్య ఎంచుకుని బృందం కట్టడం, కారణాలు విడదీయడం, చిన్న మార్పులు చేసి చూడటం, పనిచేసినదాన్ని నిలపడం. పుట్టిన బిడ్డ ఒళ్లు చల్లబడుతున్న వార్డునే తీసుకుంటే, స్టాఫ్ నర్సులు ముందు ఎంతమంది బిడ్డలకు అలా అవుతోందో రాస్తారు. కాన్పు గదిలో ఫ్యాను ఆపడం లేదా, బిడ్డను తల్లి ఒంటికి ఆనించకుండా తూకానికి తీసుకుపోతున్నారా, తుడిచిన తడి గుడ్డలోనే చుడుతున్నారా అని వరసగా చూస్తారు. ఒక్కో మార్పు కొన్ని రోజులు చేసి, అంకెలు మళ్లీ గోడ మీది చార్టులో గుర్తిస్తారు. దీనికి పెద్ద ఖర్చు లేదు. కావలసినది సమయం, తమ వార్డు అన్న పట్టుదల, అడిగితే వినే అధికారి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ అవసరం ప్రత్యేకంగా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. మామూలు కాన్పును ఓపికగా, భయం పోగొట్టి చేయించగల నిపుణులు కావాలని గుర్తించి, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి మిడ్‌వైఫ్‌ల శిక్షణ చేపట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ ఆసుపత్రితోనూ యునిసెఫ్‌తోనూ కలిసి ప్రభుత్వ స్టాఫ్ నర్సులకు ఈ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు ప్రకటించింది. ఈ మిడ్‌వైఫ్‌ల పనిలో సగం పాఠమే. నొప్పులు ఎలా వస్తాయో, ఎలా ఊపిరి తీసుకోవాలో, ఏ భంగిమలో ఉంటే హాయో గర్భిణికీ ఆమె తల్లికీ అత్తకూ నెలల ముందునుంచే చెబుతారు.

మన ఆసుపత్రుల్లో రోగి వెంట ఎప్పుడూ ఒకరిద్దరు ఇంటివాళ్లు ఉంటారు. వాళ్లను వరండాలో ఖాళీగా కూర్చోబెట్టకుండా, రోగిని ఇంట్లో చూసుకోవలసిన తీరు నేర్పాలన్న ఆలోచనతో 2010లలో నూరా హెల్త్ అనే సంస్థ బెంగళూరులోని నారాయణ హెల్త్‌తో కలిసి ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. వార్డు నర్సే గురువు. ఆపరేషన్ గాయం శుభ్రం చేయడం, చేతులు కడుక్కోవడం, బిడ్డకు పాలుపట్టడం, ప్రమాద లక్షణాలు గుర్తించడం చేసి చూపించి, వాళ్లచేత మళ్లీ చేయించి చూస్తారు. ఈ పద్ధతి తర్వాత అనేక రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రులకు చేరింది. ఇక పల్లెల్లో 2018 తర్వాత వచ్చిన ఆరోగ్య కేంద్రాల్లో, ఆంధ్రప్రదేశ్ విలేజ్ క్లినిక్కుల్లో, తెలంగాణ పల్లె దవాఖానాల్లో బీపీ, షుగరు చూసి, ఊరగాయ తగ్గించమనీ మాత్ర మానవద్దనీ చెబుతున్నవారిలో బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయిలు ఎందరో ఉన్నారు.

లెక్క తేల్చినది

నర్సుల సంఖ్యకూ రోగుల ప్రాణాలకూ ఉన్న సంబంధం 2002లో స్పష్టమైంది. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించిన లిండా ఐకెన్ బృందం, ఒక నర్సు మీద పడే రోగుల సంఖ్య ఒక్కరు పెరిగిన కొద్దీ ఆపరేషన్ రోగులు 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేల్చింది. 2014లో ఐరోపాలోని 9 దేశాల్లో చేసిన అధ్యయనం కూడా అదే అంకెను చూపింది. నలభై మంచాల వార్డులో ఒకే నర్సు ఉంటే ఆమె ఇంజెక్షన్లు వేసుకుంటూ, సెలైన్లు మార్చుకుంటూ పరుగెత్తడంతోనే షిఫ్టు అయిపోతుంది. పాఠం చెప్పడానికి కూర్చునే తీరిక ఉండదు. లెక్క రాసినా, అది రిజిస్టరు నింపడంగానే మిగులుతుంది.

స్కుటారీ, లివర్‌పూల్, న్యూయార్క్, మద్రాసు, మిషిగన్, ఉత్తరప్రదేశ్ అనుభవాలన్నీ కలిపి చూస్తే మూడు షరతులు తేలుతాయి. నర్సు రాసిన అంకెను పై అధికారి చదివి దానిమీద చర్య తీసుకోవాలి. రోగితో, ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడే సమయాన్ని ఆమె డ్యూటీలో భాగంగా లెక్కించాలి. తప్పు జరుగుతున్నప్పుడు, ఎదుట ఉన్నది ఎంత పెద్ద డాక్టరైనా, ఆపమనే హక్కు ఆమెకు ఉండాలి. ఈ మూడూ అమలు చేయని ఆసుపత్రి ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా, గోడల మీద ఎన్ని చార్టులు అతికించినా ప్రయోజనం స్వల్పమే. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రైవేటు ఆసుపత్రుల యాజమాన్యాలూ నర్సుల పోస్టులు నింపడంతో పాటు ఈ మూడింటినీ నియమంగా పెట్టాలి.